ఊరేగింపు ఆగిన చోట కెమెరా

1969 జనవరిలో బీటిల్స్ బృందం కొత్త పాటలు కట్టుకుంటుంటే మైఖేల్ లిండ్సే-హాగ్ దాదాపు 60 గంటల ఫిల్మ్ తీశాడు. అందులోంచి 1970లో 'లెట్ ఇట్ బి' వచ్చింది. అప్పటికే బృందం విడిపోయింది కాబట్టి జనానికి అందులో చీలికే కనబడింది. అదే ఫిల్మ్‌ని పీటర్ జాక్సన్ 2021లో 'గెట్ బ్యాక్' పేరుతో దాదాపు ఎనిమిది గంటలపాటు మళ్ళీ కూర్చాడు. ఈసారి హాస్యాలూ, విసుగులూ, ఒకరి స్వరాన్ని ఇంకొకరు అందుకోవడమూ బయటపడ్డాయి. పాల్ మెకార్ట్నీ తీగలు మీటుతూ ఏదో గొణుగుతుంటే, ఆ గొణుగుడు మన కళ్ళముందే పాటైపోతుంది. ఏ కచేరీ దృశ్యంలోనూ దొరకని సంగతి ఇది. వాద్యబృందం మీద తీసిన సినిమాని పాట ఎంత బాగా వినిపించిందన్న దానితో కాక, ఆ పాట వెనకాల పని ఎంత కనబడిందన్న దానితో తూచాలని నాకనిపిస్తుంది.

ఒకే ఫిల్మ్ రెండు కథలు చెప్పిందంటే కత్తెర అబద్ధమాడుతుందనేగా అనవచ్చు. నిజమే, ఆడుతుంది. అందుకే 'గిమ్మీ షెల్టర్' (1970) గొప్పది. ఆల్టమాంట్ కచేరీలో ఒక యువకుడు హత్యకు గురైన దృశ్యాన్ని రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఎడిటింగ్ బల్ల దగ్గర చూస్తుండడాన్ని కూడా మేసల్స్ సోదరులు సినిమాలో ఉంచారు. కత్తెరని దాచకుండా ప్రేక్షకుడి ముందే పెట్టారన్నమాట. మార్టిన్ స్కోర్సెసీ 'ది లాస్ట్ వాల్ట్జ్' (1978) వెలుగునీడల్లో దీనికన్నా ఎంతో అందమైనది. కానీ అందులో పాటలన్నీ వండి వడ్డించినవే, పొయ్యి కనబడదు.

ఇదంతా డబ్బున్న రాక్ బృందాల వ్యవహారం, మనకెందుకంటారా? ఫరీద్ అయాజ్ మన హైదరాబాద్‌లో పుట్టి కరాచీలో స్థిరపడిన ఖవ్వాల్. కబీరుని వెదుక్కుంటూ శబ్నం విర్మానీ తీసిన 'హద్-అన్‌హద్' (2008)లో ఆయన పాడుతూ పాడుతూ ఆగి అర్థం చెబుతాడు, చెబుతూ చెబుతూ మళ్ళీ పాటలోకి జారిపోతాడు. తొందరపెట్టని కెమెరా ఉండబట్టి, ఒక్క పాదాన్ని తిప్పితిప్పి పాడడం ఖవ్వాలీలో ఎందుకో చూసేవాడికి తెలిసివస్తుంది. దీనికి కావలసింది ఓపిక. డబ్బు ఆ తరవాతి మాట.

ఆ ఓపిక హైదరాబాద్ పాతబస్తీలోని పత్తర్‌గట్టిలో మర్ఫాకి ఇంకా బాకీ ఉంది. నిజాం కొలువులో సైనికులుగా పనిచేసిన హద్రమౌత్ అరబ్బులూ, ఆఫ్రికన్ సిద్దీలూ పాదుకొల్పిన వాద్యమిది. ఒకరికి బార్కస్, ఇంకొకరికి ఏ.సీ. గార్డ్స్ నివాసాలయ్యాయి. పెళ్ళి బరాత్ పత్తర్‌గట్టి రాతి కమాన్ల పక్కగా సాగుతుంటే దెబ్బ గోడకి తగిలి తిరిగొస్తుంది. మామూలుగా కెమెరా ఏం చేస్తుంది? చార్మినార్‌ని వెనక పెట్టుకుని, రెండు క్షణాలు దరువు చూపి, డాన్సువైపు తిరుగుతుంది. మర్ఫా అంటే పెళ్ళిసందడే, అందులో విడమరిచి చూపడానికేముందనేవాళ్ళకి ఈ రెండు క్షణాలే సాక్ష్యం. పది నిమిషాలు కత్తిరించకుండా చూపితే ఎవడు నడక పట్టాడో, ఎవడు దాన్ని అడ్డంగా కోశాడో, ఏ సైగకి అందరూ ఒక్కసారి జోరందుకున్నారో తేలుతుంది. కాగితం మీద రాసుకోని విద్య కాబట్టి చేతుల్నే చూడాలి. దూల్హా లోపలికి వెళ్ళిపోయాక, దఫ్‌లు దించి భుజాలు నొక్కుకుంటూ, ఇందాక తప్పిన దెబ్బ ఎవరిదని వాళ్ళు పోట్లాడుకునేవేళ కెమెరా ఇంకా తిరుగుతూ ఉండాలి.