‘పవర్స్ ఆఫ్ టెన్’ : కదలెడి బొమ్మ – వ్యాఖ్యానధర్మము

గహనములైన శాస్త్రవిషయములను సామాన్యులకు బోధించుటకై కదలెడి రేఖాచిత్రములను వాడు పద్ధతి నేడు విరివిగా వ్యాపించినది. మోషన్ గ్రాఫిక్స్ అని వ్యవహరింపబడుచున్న ఈ చిత్రములు నిజమునకు వ్యాఖ్యానములు. దురవగాహమైన మూలమును సుబోధ మొనర్చుటయే వ్యాఖ్యాత పని గదా! కావున వ్యాఖ్యాతను అడిగినట్లే వీనిని సైతము రెండు ప్రశ్నలు అడుగవచ్చును: దేనిని విశదపరచినవి? దేనిని మరుగుపరచినవి? చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1977లో నిర్మించిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ను ఈ దృష్టితో పరిశీలింతుము.

ఇది సుమారు 9 నిమిషముల చిత్రము. కీస్ బూకే అను డచ్చి విద్యావేత్త 1957లో ప్రకటించిన ‘కాస్మిక్ వ్యూ’ దీనికి ఆధారము. షికాగోలో సరస్సు చెంత వనభోజనానంతరము ఒకడు నిద్రించుచుండును. మొదట ఒక మీటరు ప్రదేశము కనబడును. పిదప ప్రతి 10 సెకనులకు చూపు 10 రెట్లు దూరమగుచు పాలపుంతను దాటి పోవును. మరల వడిగా దిగివచ్చి, నిద్రితుని చేతిచర్మమున ప్రవేశించి, కణమును, పరమాణువును దాటి ప్రోటానును చేరును. వాచకము భౌతికశాస్త్రజ్ఞుడైన ఫిలిప్ మోరిసన్‌ది.

దీని గుణము ఏకసూత్రత. పుటపై వెయ్యికిని పదివేలకును భేదము ఒక్క సున్న మాత్రమే. కన్ను ఆ భేదమును అనుభవింపదు. ఇచట సమానమైన నిష్పత్తికి సమానమైన కాలము కేటాయింపబడుటచే గణితనియమము అనుభవగోచరమగుచున్నది. నడుమ ఎచటను తెగకుండుటచే చిత్రమంతయు మీమాంసకులు చెప్పు ఏకవాక్యతను పొందినది. ఆలంకారికుల ప్రసాదగుణ మిదియే.

అయితే దోషమును ఈ గుణమునుండియే పుట్టినది. సరస్సుతీరము ప్రత్యక్షము; పరమాణువులోని చుక్కల మేఘము అనుమానసిద్ధమగు ఊహాచిత్రము. ప్రమాణములు వేరైనను అతుకు కనబడదు. ప్రేక్షకుడు రెండింటిని సమముగా నమ్మును. అంతేకాక, ఈ లెక్కను చూపు సుమారు 13 లక్షల కిలోమీటర్లు దాటినంతనే దాని వేగము కాంతివేగమును మించును. అట్టి ప్రయాణము అసంభవమని బొమ్మ చెప్పజాలదు. ఏలయన బొమ్మకు సంభావనార్థకము లేదు. ‘ఉన్నది’ అనుటయే దానికి తెలియును; ‘ఉండవచ్చును’ అనుట తెలియదు. ఆ పని వాక్కుదే. ప్రోటాను తెరను నిండినపుడు, మన నేటి జ్ఞానమునకు ఇది హద్దు అను భావమును మోరిసన్ వాచకమే తెలుపుచున్నది గాని చిత్రము కాదు.

తోలుబొమ్మలాట నెరిగిన మనకు ఇది క్రొత్త కాదు. తెరపై బొమ్మ ఆడుచుండగా పద్యమును, వచనమును అర్థమును నిర్ణయించుచుండును. అన్యభాషలలో సిద్ధమైన శాస్త్రచిత్రములకు తెలుగు వాచకము వ్రాయువారు ఈ సంగతిని గుర్తింపవలెను. మూలమందలి ‘కావచ్చును’, ‘అని తోచుచున్నది’ అను పలుకులను క్లుప్తతకొరకు తొలగించి, అన్నిటిని ‘అగును’ అని ముగించినచో, శాస్త్రము పురాణమగును. బొమ్మ మార్చుట వారి చేతిలో లేదు; క్రియాపదము మాత్రము వారి చేతిలోనే యున్నది. కావున ఇట్టి వాచకరచనను యంత్రజ్ఞులకే విడువక, తెలుగు శాఖలు తమ అధ్యయనమున చేర్చుకొనుట యుక్తమని మా అభిప్రాయము.