జిమ్ గ్రే అడిగిన 20 ప్రశ్నలు

డేటాబేస్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరిని చదవాలని అడిగితే, నా నోట ముందు వచ్చే పేరు జిమ్ గ్రే. 1969లో బర్క్‌లీలో డాక్టరేట్, ఆపై ఐబీఎం, టాండెమ్, చివరికి మైక్రోసాఫ్ట్, 1998లో ట్యూరింగ్ అవార్డు.

యంత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుందని ముందే ఒప్పుకుని పని మొదలుపెట్టడం ఆయన గొప్పతనం. మీ ఖాతాలో వెయ్యి రూపాయలు తగ్గాయి, అవతలి ఖాతాలో పడేలోపు కరెంటు పోయింది. అప్పుడెలా? జరిగితే రెండూ జరగాలి, లేదంటే ఏదీ జరగనట్టే ఉండాలి. దీన్నే ట్రాన్సాక్షన్ అంటాం. చేయబోయే మార్పును ముందు లాగ్‌లో రాసి, అది డిస్కుకు చేరాకే అక్కడున్న అసలు డేటాను మారుస్తారు. యంత్రం మళ్లీ లేచాక ఆ లాగ్ చదివి, పూర్తయినవాటిని నిలబెడుతుంది, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తుంది. ఫోన్లో డబ్బు పంపిన ప్రతిసారీ మనం ఈ ఏర్పాటు మీదే భరోసా పెడుతున్నాం.

టాండెమ్‌లో ఉండగా, కంప్యూటర్లు అసలెందుకు ఆగుతున్నాయో తేల్చడానికి ఆయన వైఫల్యాల నివేదికలు ముందేసుకుని కూర్చున్నారు. 1985లో రాసిన ఆ పత్రం ప్రకారం 42 శాతం ఆపరేషన్, నిర్వహణ పనుల్లో వచ్చినవే. హార్డ్‌వేర్ వాటా అందులో సగం కూడా లేదు. తప్పు ఆపరేటర్లదని ఆయన వదిలేయలేదు, మనిషి చేయాల్సిన పనే తగ్గించమన్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టం.

2007 జనవరి 28న పడవలో ఒంటరిగా ఫారలాన్ దీవుల వైపు వెళ్లి ఆయన తిరిగి రాలేదు. ఉపగ్రహ చిత్రాలను వేలమంది పంచుకుని వెతికినా ఆచూకీ దొరకలేదు.

అంతకు ముందు, చివరి ఏళ్లలో, ఖగోళ శాస్త్రవేత్త అలెక్స్ సాలేతో కలిసి స్లోన్ ఆకాశ సర్వే డేటాను అందరికీ తెరిచారు. ముందుగా గ్రే ఖగోళ శాస్త్రవేత్తలను అడిగింది, ఈ డేటాను మీరు అడగాలనుకునే 20 ముఖ్యమైన ప్రశ్నలేమిటని. డేటాబేస్‌ను వాటి చుట్టూ కట్టారు.

మనం మాత్రం నేరుగా పట్టికలు గీయడానికి కూర్చుంటాం. ఆసుపత్రి పని వస్తే, మందుల కౌంటర్ దగ్గరున్న మనిషిని ముందు అడగాలి. 'నిన్న డబ్బు కట్టి ఇంకా మందులు తీసుకోనిదెవరు?' అంటారామె. ఆ ఒక్క ప్రశ్నతో, కట్టిన సమయం, ఇచ్చిన సమయం విడివిడిగా దాచాలని తేలుతుంది. అది ఏడాది ఆలస్యంగా వినబడితే, అప్పటికే నిండిన రికార్డుల్లో మందు ఇచ్చిన సమయం ఎక్కడా ఉండదు.