తలకు దెబ్బ తగిలితే నడుము అడగాలి

తలకు కట్టుతో పడుకున్న మనిషిని రౌండ్లలో నేను నడుము సంగతి అడుగుతాను. పక్కనున్న బంధువులకు అది వింత. "దెబ్బ తలకు కదా సార్!" అంటారు. రోగేమో "పడుకుని పడుకుని పట్టేసిందండీ, అంతే" అంటాడు. చాలామందిలో నిజంగానే అంతే.

ఎక్కడో ఒకరిలో మాత్రం అంతే కాదు. మెదడును కప్పిన పొరలు పుర్రెతో ఆగిపోవు; వెన్నుపాము చుట్టూ నడుము కిందిదాకా దిగుతాయి. బైకు మీంచి పడి ఆ పొరల మధ్య నెత్తురు చేరినవాళ్లు లేచి తిరగడం మొదలెట్టాక, అందులో కొంత కిందికి జారి నడుము దగ్గర నిలుస్తుందని మా అంచనా. దీన్ని స్పైనల్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. అరుదైనదే. వెన్నుకు దెబ్బే లేకపోయినా రావచ్చు. తలనొప్పి తగ్గి, ఇక ఇంటికి పంపేద్దాం అనుకునే రోజుల్లో నడుములో పోటు, పిక్కల్లోకి లాగడం మొదలవుతాయి.

తలగాయానికి మేమంతా వాడే గ్లాస్గో కోమా స్కేలును 1974లో టీస్‌డేల్, జెన్నెట్ ఇచ్చారు. గొప్ప సాధనమే. కానీ కదలికలో అది చూసేది అన్నిటికన్నా మెరుగైన స్పందనను. చెప్పగానే చెయ్యెత్తితే చాలు, పూర్తి మార్కులు. కాళ్లు చచ్చుబడుతున్న మనిషికి కూడా కేస్‌షీటులో 15కి 15 పడొచ్చు! అందుకే పాదం కింద నా అరచెయ్యి పెట్టి "గట్టిగా తొక్కు" అంటాను. తర్వాత "బొటనవేలు పైకెత్తు, నేను నొక్కుతా, ఆపు" అంటాను. రెండు కాళ్లూ పోల్చి చూస్తాను. మూత్రానికి గొట్టం ఉంటే మరీ జాగ్రత్తపడాలి. అది ఉన్నన్నాళ్లూ మూత్రం బిగిసిన సంగతి బయటపడదు. తీసిన పూట సొంతంగా పోశాడా లేదా అని నర్సమ్మను అడిగి గానీ కదలను.

అనుమానం వస్తే నడుముకు ఎమ్మారై చేయించాలి. సీటీలో ఇది తప్పిపోవచ్చు. చాలామందికి ఆపరేషన్ లేకుండానే నెత్తురు కరిగిపోతుంది. బలహీనత పెరుగుతుంటే మాత్రం ఆగకూడదు.

తలకు దెబ్బ తగిలి ఇంటికొచ్చినవాళ్లకు నడుమునొప్పి మొదలైతే మర్దనలు చేయించకండి, మందుల షాపులో అడిగి బిళ్లలు మింగించకండి. కాళ్లు తేలిపోతున్నా, మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా తెల్లారేదాకా చూడకండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, తలకు ఏ రోజు దెబ్బ తగిలిందో ముందుగా చెప్పండి. నెత్తురు పలచబడే మందులు వాడుతుంటే అదీ చెప్పండి.