సారెతో పాటు ఒక పిల్ల

పెళ్ళి మాటలు కుదిరాక పెద్దవాళ్ళు జాబితా రాయడం మనకు తెలియనిది కాదు. ఇన్ని తులాల బంగారం, ఇన్ని వెండి గిన్నెలు, మంచం, పరుపు, బీరువా. ఆ బీరువా కింద వరసలో "పనికి ఒక పిల్ల" అని కూడా రాస్తే ఎట్లా ఉంటుంది? ఒళ్ళు జలదరిస్తుంది కదూ! నూరేళ్ళ కిందట మా తెలంగాణ గడీల్లో అదేమీ వింత కాదు. కొత్త దొరసాని అత్తవారింట అడుగు పెడితే, సారెతో పాటు ఒక ఆడపిల్ల కూడా ఆ గడప దాటేది. ఆడబాప అనేవారు, దాసి అనేవారు. ఆ పిల్లకు మళ్ళీ పుట్టింటి దారి లేదు.

అలాంటి ఒక పిల్ల కథే బి. నర్సింగరావుగారు 1988లో తీసిన "దాసి". ఈ సినిమాకు అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి. కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి అయింది. కెమెరా పట్టిన ఎ.కె. బీర్‌కూ, కళా దర్శకత్వం చేసిన చిత్రకారుడు తోట వైకుంఠానికీ బహుమతులు దక్కాయి. ఇన్ని వచ్చినా మన ఇళ్ళలో దీన్ని చూసినవాళ్ళు తక్కువే. మనకు అలవాటైన పాటలూ ఫైటింగులూ లేవు మరి!

కథ చెప్పుకుంటే నాలుగు మాటలే. కన్నవాళ్ళు అమ్ముకున్న పిల్ల గడీకి చేరుతుంది. ఊడుస్తుంది, తోముతుంది, పిలిస్తే పలుకుతుంది. రాత్రి దొర పిలిచినా పలకాల్సిందే. ఇంటికొచ్చిన చుట్టం పిలిచినా అంతే. చివరికి ఆమె కడుపున పడ్డ బిడ్డను కూడా గడీ ఉండనివ్వదు. కాదనడానికి ఆ ఒళ్ళు ఆమెది అయితే కదా!

నాకు ఈ సినిమాలో నచ్చింది దాని నిదానం. ఐశ్వర్యం అనగానే మనకు నగలూ మేడలూ గుర్తొస్తాయి. ఈ సినిమా చూశాక వేరే సంగతి తెలుస్తుంది. ఐశ్వర్యమంటే ఇంకొకరి పొద్దునూ, ఇంకొకరి నిద్రనూ తన సొంతం చేసుకోగలగడం. దొర కోపంగా అరిచే మనిషి కాకపోయినా ఫరవా లేదు. అరవాల్సిన అవసరం లేనంత గట్టిగా ఏర్పాటయిన వ్యవస్థ అది.

మెచ్చుకున్నాక లోటు కూడా చెప్పాలి. కెమెరా చాలావరకు గడీ గోడల మధ్యనే తిరుగుతుంది. అందుకని చూసేవాళ్ళకు "అయ్యో, ఎంత చెడ్డ దొర!" అనిపించి ఊరుకునే ప్రమాదం ఉంది. గడీకి ఆ డబ్బు ఎక్కడిది? ఆ లెక్క గోడ బయట ఉంది.

అప్పటి నల్లగొండ జిల్లాలోనే విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని చరిత్రకారులు రాశారు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డిది లక్షన్నర ఎకరాలట! ఈ భూమంతా ఎవరో చెమటోడ్చి కొన్నది కాదు. అప్పులకు, బకాయిలకు రైతుల దగ్గర లాక్కున్నదే ఎక్కువ. ఆ పైన నిజాం. రాజ్యంలో సుమారు పదో వంతు భూమి ఆయన సొంత ఖర్చుల కోసం ఉండే సర్ఫేఖాస్. 1937లో టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. ఆ ఏడాది కూడా మా ఊళ్ళలో వెట్టి నడుస్తూనే ఉంది.

ఇంకా వెనక్కి పోతే 1687. గోలకొండ వజ్రాలకూ శిస్తుకూ ఆశపడ్డ ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకున్నాడు. ఆ మొగలుల తరఫున దక్కనుకు సుబేదారుగా వచ్చినవాడే 1724లో స్వతంత్రుడై ఆసఫ్‌జాహీల పాలనకు పునాది వేశాడు. దండెత్తి గెలిచిన రాజ్యానికి శిస్తు కావాలి, శిస్తుకు దేశ్‌ముఖ్ కావాలి, దేశ్‌ముఖ్‌కు గడీ కావాలి, గడీకి దాసి కావాలి. ఇన్ని మెట్లు దిగివస్తే గాని ఆ పిల్ల చేతిలోకి చీపురు ఎట్లా వచ్చిందో అర్థం కాదు. ఒక్క దొర మంచివాడైనంత మాత్రాన ఈ మెట్లు కూలవు.

రెండో లోటు దొరసాని. తోటి ఆడది ఎందుకు ఆదుకోదు అని మనకు కోపం వస్తుంది. నిజానికి ఆమె కూడా ఆ సారె సామానులో ఒకతే. కాకపోతే పైన పట్టుచీర కప్పారు. ఆమె మనసులోకి ఇంకొంచెం తొంగి చూసి ఉంటే సినిమా ఇంకా బలంగా ఉండేదని నా అభిప్రాయం.

ఇదంతా పాత కథేగా అంటారా? 1961లో వరకట్న నిషేధ చట్టం, 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చాయి. వాటికి ముందే, 1951 ఏప్రిల్ 18న మాకు దగ్గరి పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇచ్చారు. గొప్ప పనే, కాదనను. కాని దున్నేవాళ్ళు భూమిని దానంగా అడగాల్సి రావడమేమిటి? ఆ ప్రశ్నకు దానం జవాబు కాదు.

మాది చౌటుప్పల్. పట్నం నుంచి విజయవాడ రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లు. జొన్న, ఆముదం పండిన చెలకల్లో ఇప్పుడు ఫ్యాక్టరీలూ, రంగురాళ్ళు పాతిన ప్లాట్లూ ఉన్నాయి. ఎకరాల మాట పోయి గజాల మాట వచ్చింది. రీజినల్ రింగు రోడ్డు కొలతలు పడ్డాక ధర ఎంత పెరుగుతుందని ఒకింట్లో, ఉన్న రెండెకరాలు పోతాయేమోనని ఇంకో ఇంట్లో, ఇద్దరికీ నిద్ర లేదు. అమ్మాయి పెళ్ళికి "రోడ్డు మీది ప్లాటు" పెడతామంటే అబ్బాయి తరఫువాళ్ళ ముఖాలు విప్పారతాయి. ఆ చెలక అమ్ముకున్న ఇల్లాలు ఇప్పుడు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊడుస్తున్నదో ఎవరూ అడగరు.

గడీలు పాడుబడ్డాయి, బాగానే ఉంది. "దాసి" చూడమని మీకు చెప్పేది కన్నీళ్ళు పెట్టుకోవడానికి కాదు. మనింట్లో చేరిన ప్రతి ఆస్తి వెనకా ఎవరి పొద్దు కరిగిందో వెతికే అలవాటు కోసం.