కలిసిన కాలివేళ్లు

పురిటిబిడ్డకు తొలి స్నానము చేయించి పొత్తిళ్లలో పెట్టునప్పుడు వేళ్లు లెక్కపెట్టని పెద్దలు మన యిండ్లలో అరుదు. ఆ లెక్కలో కాలి రెండవవేలును మూడవవేలును పలుచని చర్మముచే అతికియున్నట్లు కంటబడినచో, గ్రహణమునాడు కత్తిపీట ముట్టితివా యని బాలెంతరాలిని నిలదీయుట ఆరంభమగును. పసిబిడ్డల చేతులకును కాళ్లకును శస్త్రచికిత్స చేయుట వృత్తిగాగల నేను ఈ ప్రశ్నను విన్నన్ని మారులు మరి దేనిని వినలేదు.

గ్రహణమునకు ఇందు పాత్ర యేమియు లేదు. గర్భస్థశిశువు పాదము ఆరవ వారము వేళకు చదునైన మాంసపు పలక మాత్రమే. అందులో వేళ్ల యెముకలకు రేఖలేర్పడిన పిమ్మట, రేఖల నడుమనున్న కణములు తమంతట తాము నశించుటచే ఎనిమిదవ వారము ముగియునప్పటికి వేళ్లు విడివడును. బాతుపిండమునందు గ్రెమ్లిన్ అను ప్రోటీను ఈ కణనాశమును అడ్డగించును గావుననే దాని కాలికి జాలము నిలిచియుండును. మన బిడ్డలయందు ఆ నాశము ఒక్క సందున కొంచెము ముందుగా ఆగిపోవుటయే జరిగినది. చేతులు కాళ్లు కలిపి చూచినచో రెండు మూడువేల జననములలో ఒకదానియందు ఇట్లు సంభవించును.

ఇది తరచుగ వంశమున దిగివచ్చును. అందుచే బిడ్డపాదము చూచిన వెంటనే నేను తండ్రిని చెప్పులు విడువుమందును. పలుమారులు ఆయన పాదమునను అదే జాలము అదే సందున ప్రత్యక్షమగును. ఇంతకాలము పరుగెత్తి, ఈదులాడి, పొలము దున్నిన ఆ పెద్దమనిషి దాని నెన్నడును గమనించియే యుండడు! తల్లిపై మోపిన నేరము అంతటితో కొట్టివేయబడును. పూర్వులు దీనిని నేరముగ తలంపలేదు సరికదా, బుద్ధుని ముప్పదిరెండు మహాపురుష లక్షణములలో జాలయుక్తములైన కరచరణములును ఒకటిగా ఎన్నిరి. శాకుంతలము సప్తమాంకమున దుష్యంతుడు బాలుని చేతివేళ్ల నడుమ జాలమును చూచియే చక్రవర్తిచిహ్నమని ఆశ్చర్యపడును. ఆ బాలుని నాయొద్దకు కొనివచ్చియున్నచో నేను శస్త్రచికిత్సకు దినము నిర్ణయించియుందునేమో.

ఏలయన చేతి సంగతి వేరు. అన్నము కలుపుటకు, కలము పట్టుటకు, బొత్తాము పెట్టుటకు వేళ్లు దేనికది కదలవలెను. కాని అతికిన రెండువేళ్లను చుట్టియున్న చర్మముకంటె వానిని విడివిడిగా కప్పుటకు కావలసిన చర్మము ఐదవవంతుకు పైగా అధికము; రెండు వృత్తములను తాకునట్లు గీచి చుట్టును దారముపెట్టి కొలిచిన బడిపిల్లవాడైనను దీనిని గ్రహింపగలడు. తిన్నగా చీల్చి అంచులు లాగి కుట్టినచో రక్తప్రసారము చెడి వేలికే ముప్పు వచ్చును. కావున చేతి వెనుకతట్టునుండి ఒక చర్మపు రెక్కను దింపి క్రొత్తసందుకు అడుగుగా అమర్చి, మిగిలిన ఖాళీలను గజ్జనుండి తీసిన చర్మముతో పూరింతుము. వేలి పొడవున తిన్నగా సాగిన మచ్చ మానినకొలది కుంచించి వేలిని వంచును గనుక, కోతను వంకరటింకరగా నడుపవలెను. ఇట్టి కోతవలని ఫలితములను క్రోనిన్ అను అమెరికా వైద్యుడు 1956లో ప్రకటించినాడు. ఒకేవేలికి ఇరువైపుల ఒకేమారు కోయుట నిషిద్ధము. బొటనవేలును చూపుడువేలును, లేక ఉంగరపువేలును చిటికెనవేలును కలిసినచో, పొడవుల భేదముచే పెద్దవేలు వంగి పెరుగును గావున ఆరునెలల ప్రాయముననే పూనుకొందుము. తక్కినవానికి ఏడాది, రెండేండ్ల వరకు ఆగవచ్చును.

ఇంత శ్రమయు కాలికి చేసి సాధించునదేమి? నడకలో నేలను తన్ని ముందుకు నెట్టునది బొటనవేలును దాని మూలమును. రెండవ మూడవవేళ్లు జంటగా నున్నను విడిగా నున్నను అడుగు అడుగే. చెప్పు ఉంగటమునకు కావలసిన సందు బొటనవేలి ప్రక్కదే గనుక అదియు చెడలేదు. ఒక అమ్మమ్మగారు మాత్రము నన్ను నిరుత్తరుని చేయబోయినది. "మెట్టె పెట్టేది ఆ రెండోవేలికే గదా డాక్టరుగారూ, రేపు పెళ్లిలో ఏం చేసేదీ?" అన్నది. జాలము వేలి సగమువరకే యున్నది. "పైన మిగిలిన వేలికి కంసాలి సరిపడా చేసిస్తాడమ్మా, దానికి నా కత్తెందుకు?" అంటిని. ఆమె ఒప్పుకొన్నదో లేదో తెలియదు.

అయినను పాదమును చూచి పంపివేయుట వైద్యము కాదు. చేతివేళ్లును కాలివేళ్లును గుత్తిగా అతికి, పుర్రె ఆకారము మారియున్నచో అది అపర్ట్ సిండ్రోము. ఆ బిడ్డను తలకు చికిత్స చేయువారివద్దకు త్వరపడి పంపవలెను. దేహము కొలెస్టరాలును సరిగా నిర్మింపలేని స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ అను వ్యాధియందును ఈ రెండవ మూడవవేళ్ల కలయికయే తరచుగ కనబడును. అందుచే ఎంత సామాన్యమైన జాలమైనను బిడ్డ తల, అంగిలి, గుండె, ఎదుగుదల చూడనిదే నేను విడువను. ఎముకలే కలిసిపోయి వేళ్లు వంకరగా పెరుగుచున్నను, బొటనవేలే ప్రక్కవేలితో అతికి పెడదారి పట్టుచున్నను, కాలికిని కత్తి తప్పదు.

అందము కొరకే విడదీయుమనువారు కలరు. వారిని నేను చిన్నచూపు చూడను. అయితే ఆ కోరిక తల్లిదండ్రులది కాక ఆ పాదము గలవారిదే కావలెనని నా నియమము. పెరిగి పెద్దయి వారే వచ్చి అడిగినప్పుడు, మచ్చ మిగులుననియు, అతుకువేసిన చర్మము రంగు తేడాగా నుండవచ్చుననియు, విడదీసిన సందు కాలక్రమమున కొంత తిరిగి పైకి ప్రాకుట కలదనియు చెప్పి, ఆలోచించుకొని మరల రమ్మని పంపుదును. మరల వచ్చినవారికి చేయుదును.