వంటలక్క చేతి కూడు ఎవరు తిన్నారు? - టీవీ కథల్లో రోజువారీ బతుకు

టీవీ సీరియల్ రచయితలు తమ పని గురించి చెప్పుకునే సందర్భాల్లో ఒక మాట తప్పకుండా వస్తుంటుంది. మా కథలు గాల్లోంచి పుట్టవు, ఇంటింటా రోజూ జరిగేదే రాస్తాము అని. ఈ మాట అబద్ధమని నేను అనను. కాని అది ఏ ఇల్లు, ఎవరి రోజు అనే ప్రశ్న మాత్రం వాళ్ళను ఎవరూ అడిగినట్టు కనపడదు. అడగాల్సింది మనమే. ఎందుకంటే ఆ కథలను పొద్దస్తమానం కూలి చేసి వచ్చి చూస్తున్నది మన అమ్మలు, అక్కలు, వదినెలే.

మా ఊర్లో 'చక్రవాకం' వచ్చే కాలానికి మాదిగ గేరిలో రెండే టీవీలు ఉండేవి. అవీ ఎప్పుడూ రిపేరే. అందుకని అమ్మ, మరో నలుగురైదుగురు ఆడోళ్ళు కాపు వీధిలో తాము కూలికి పోయే ఇంటి కిటికీ కాడ నిలబడి చూసేవాళ్ళు. టీవీ పడసాలలో ఉండేది. వీళ్ళు జగిలి ఎక్కకూడదు, కింద బండ మీద నిలబడాల. పగలంతా శెనక్కాయ చెట్లు పెరికి, నడుము పట్టుకుపోయి, నిలబడే సీరియల్ చూసేవాళ్ళు. నేను కూడా అమ్మ కొంగు పట్టుకుని చూసినాను. మంజులా నాయుడు దర్శకత్వంలో, బిందు నాయుడు రచనతో 2003 నుంచి 2008 దాకా జెమినీలో వచ్చిన ఆ సీరియల్ తెలుగు టీవీలో ఒక మలుపు అని అందరూ అంటారు. అది నిజమే కావచ్చు. నాకు జ్ఞాపకం ఉన్నది మాత్రం ఇంకొకటి. తెర మీద ఒకామె సోఫాలో కూర్చుని ఏడుస్తుంటే, కిటికీ అవతల కూర్చునే వీలులేక నిలబడిన మా అమ్మ కూడా ఏడ్చేది. చాలా ఏళ్ళు నేను దీన్ని అమాయకత్వం అనుకున్నాను. యూనివర్సిటీకి వచ్చి నాలుగు పుస్తకాలు చదివినాక 'భావజాల ఆధిపత్యం' అని పేరు పెట్టినాను. రెండూ తప్పే. తన మాట ఎవరూ వినని ఇంకో ఆడమనిషిని చూసి అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపులో అమాయకత్వం ఏమీ లేదు. తప్పు ఉన్నది ఆ కిటికీలో. ఆ కిటికీని మాత్రం ఏ రచయితా కథలోకి తీసుకురాలేదు.

కులం లేని కథలు కదా అని కొందరు మిత్రులు అంటుంటారు. అది కూడా సరి కాదు. అదే బృందం తర్వాత తీసిన 'మొగలిరేకులు'లో కథానాయకుడైన పోలీసు అధికారి పేరు ఆర్.కె. నాయుడు. ఆ పేరు ఇంటింటా మోగిపోయింది. అంటే తెలుగు సీరియల్లో కులానికి చోటు లేకపోలేదు. పేరు చివర గౌరవంగా వచ్చేట్టయితే చోటు ఉంది. ఆ కులం మూలంగా ఇంకొకరు జగిలి కింద నిలబడాల్సి వచ్చే దృశ్యానికే చోటు లేదు.

ఇక కరువు సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి మాది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన ఇక్కడే అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినాము. శెనక్కాయ విత్తనం వేసినాక వాన ఒక నెల మొహం చాటేస్తే కాపుకు పంట పోతుంది, కూలోళ్ళకు పని పోతుంది, ఇల్లు తాళం వేసుకుని బెంగుళూరు బస్సు ఎక్కాల. ఇది మా రోజువారీ. వార్తల్లో కరువు ఉంటుంది, సినిమాల్లో సీమ అంటే తొడగొట్టే ఫ్యాక్షన్ ఉంటుంది. వందల ఎపిసోడ్లు నడిచే సీరియల్లో మాత్రం ఎవరూ మబ్బుల వైపు తలెత్తి చూడరు. ఎండిన బోరు కాడ ఒక్క సీను ఉండదు. రోజూ సాగే కథకు వానకోసం ఎదురుచూడడం కన్న మంచి సరుకు ఏముంటుంది చెప్పండి! ఎదురుచూపు మీదే కదా సీరియల్ బతికేది.

టీవీ ఎప్పుడూ ఇట్లనే ఉండిందా అంటే, లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకు కార్యక్రమాలు చూపించిన 'సైట్' ప్రయోగం ఉంది. అందులో ఊరోడు నేర్చుకునేవాడే గాని చెప్పేవాడు కాడు. దాని వెంటే గుజరాత్‌లో ఖేడా జిల్లాలో పీజ్ అనే ఊరి ట్రాన్స్‌మిటర్‌తో నడిచిన ప్రాజెక్టు మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ కార్యక్రమాలు తయారు చేసేవాళ్ళు ఊళ్ళలోకి పోయి, అంటరానితనం మీద, వ్యవసాయ కూలీల దోపిడి మీద ఊరివాళ్ళతోనే కథలు అల్లి, వాళ్ళతోనే ఆడించినారు. 1984లో దానికి యునెస్కో తరఫున గ్రామీణ సమాచార బహుమతి కూడా వచ్చింది. 1980ల మధ్యలో ఆ ట్రాన్స్‌మిటర్ మూతపడింది. దేశానికి మాత్రం అదే కాలంలో మెక్సికో నమూనా చూసి వచ్చి తీసిన 'హమ్ లోగ్' (1984-85) గుర్తుండిపోయింది. మనోహర్ శ్యామ్ జోషి మంచి నవలాకారుడు. ఆయన రాసిన దిగువ మధ్యతరగతి కుటుంబంలో జీవం ఉంది, కాదనను. అయితే 'మనం' అనే ఆ పేరు కిందికి ఒక ఇల్లు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత నలభై ఏళ్ళుగా భారతీయ సీరియల్ ఆ ఇంటి గడప దాటలేదు. ఇల్లు మాత్రం పెద్దదవుతూ వచ్చి, మేడమెట్లు, షాండ్లియర్లు తగిలించుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'కార్తీకదీపం' 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కు ఇది తెలుగు రూపం. రెండింట్లోనూ ప్రేమీ విశ్వనాథే నాయిక. దీప నల్లగా ఉంటుంది. అందుకని డబ్బున్న అత్త ఆమెను కాదంటుంది. భర్త డాక్టరు, మొదట ప్రేమించి చేసుకున్నవాడే, తర్వాత అనుమానించి వదిలేస్తాడు. ఆమె వంట చేసుకుని బిడ్డను సాకుతుంది. జనం ఆమె అసలు పేరు మర్చిపోయి 'వంటలక్క' అన్నారు.

ఈ సీరియల్‌ను ఎగతాళి చేయడం చాలా సులభం. చదువుకున్నవాళ్ళు అదే చేసినారు. నేను ఆ పని చేయను. తెలుగు తెర మీద ఒక నల్లటి ఆడమనిషి, చేతులతో పని చేసుకుని బతికే మనిషి, ఐదేళ్ళు కథకు నడుమ నిలబడడం చిన్న సంగతి కాదు. మా గేరి ఆడోళ్ళకు ఆమె మీద అంత మక్కువ ఎందుకో నాకు బాగా తెలుసు. అయితే ఇక్కడే కథ చేసిన మోసమూ ఉంది. ఈ దేశంలో మనిషిని గడప బయట నిలబెట్టేది కులం. ఆ పని మొత్తాన్ని ఇక్కడ రంగు చేతికి అప్పగించినారు. అవమానం అంతా ఉంది - గడప, ఈసడింపు, బయటికి గెంటడం - కాని అవమానానికి అసలు పేరు లేదు. పైగా ఆ నలుపు కూడా మేకప్పుతో పూసిన నలుపే అని చూసేవాళ్ళందరికీ తెలుసు. 1980ల చివర్లో మన ఉద్యమం ఒక పత్రికకు 'నలుపు' అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ మాటలో ధిక్కారం ఉండింది. సీరియల్లో అదే నలుపు సహనం అయిపోయింది.

ఇంకా పెద్ద ప్రశ్న వంటది. దీప వండుతుంది, అందరూ తింటారు, లొట్టలేస్తారు. ఆమె చేతి వంట ఎవరూ వద్దనలేదు. నల్లగా ఉందని ఇంట్లోకి రానీయని సమాజం ఆమె వండిన అన్నం ఏ అడ్డూ లేకుండా తింటుందంటే, రచయితకు తెలిసో తెలియకో దీప కులం అక్కడే తేలిపోయింది. ఆమె మన మనిషి కాదు.

మన మనిషి వండితే ఏమవుతుందో చెప్పడానికి రికార్డు కావాల్సినంత ఉంది. మధ్యాహ్న భోజన పథకంలో వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మన రాష్ట్రంతో సహా ఐదు రాష్ట్రాల్లో జరిగిన పరిశీలన ఆధారంగా సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో రాసిన వ్యాసం ఈ పథకాల్లో కులం ఎట్లా పని చేస్తుందో చూపించింది. నాకు అంత దూరం పోవాల్సిన పని లేదు. మా వదిన ఒక బడిలో వంట చేస్తుంది. సీరియల్ జోరు మీద ఉన్న రోజుల్లో పిల్లలు ఆమెను 'వంటలక్కా, వంటలక్కా' అని పిలిచేవాళ్ళు. వదినకు అది భలే ముచ్చటగా ఉండేది. ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వేది. ఆ పిల్లల్లోనే కాపు వీధి నుంచి వచ్చే ఐదారుగురు మాత్రం ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకునేవాళ్ళు. కడుపునొప్పి అని ఒకరు, పప్పు పడదని ఒకరు. వంటలక్క అని నోరారా పిలిచి, ఆమె వండింది తినకుండా క్యారియర్ మూత తీసుకునే పిల్లవాడు! ఇంతకు మించిన సీను ఏ రచయితకు కావాల?

రచయితలను తిట్టి ఊరుకుంటే విమర్శ అనిపించుకోదు. వాళ్ళ పని కూడా చూడాల. వారానికి ఐదారు ఎపిసోడ్లు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఇంకొకరివి. పక్క భాషలో హిట్టయిన కథ తెచ్చి ఇస్తే దాన్ని తెలుగు చేయాల. వారం వారం రేటింగులు వస్తాయి. తగ్గితే చచ్చిన పాత్ర బతుకుతుంది, బతికిన పాత్ర కోమాలోకి పోతుంది. రేపటి షూటింగుకు ఈ రాత్రే సీను పేపరు అందాల. గంపల లెక్కన శెనక్కాయలు ఒలిచే కూలికి, సీన్ల లెక్కన మాటలు రాసే మనిషికి మధ్య తేడా ఉంది గాని, ఇద్దరికీ సరుకు మీద హక్కు లేదు. ఇది ఒప్పుకోవాల. కాని ఆ సీన్ల కూలి దొరకడానికి కూడా ముందు హైదరాబాదులో ఒక గది, రెండు మూడేళ్ళు జీతం లేకుండా తిరిగే స్తోమత, తెలిసినవాళ్ళ చేయి కావాల. గేరి నుంచి వచ్చిన పిల్లవాడు మూడేళ్ళు జీతం లేకుండా ఎట్లా తిరుగుతాడు? ఇంటికి డబ్బు పంపాల్సింది వాడే కదా.

కథలు లేక కాదు. చిలుకూరి దేవపుత్ర (1952-2016) ఈ జిల్లా నేల మీద నిలబడి 'పంచమం' నవల రాసినాడు. బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వీటిలో ఎన్ని సీరియళ్ళకు సరిపడే మనుషులు ఉన్నారో చదివినవాళ్ళకు తెలుసు.

చూసేవాళ్ళు లేరన్న సాకు కూడా నిలబడదు. 2020లో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయినప్పుడు, దశాబ్దాలుగా డబ్బింగును అడ్డుకున్న కన్నడ నాట, జీ కన్నడ వాళ్ళు హిందీలో వస్తున్న అంబేద్కర్ సీరియల్‌ను 'మహానాయక' పేరుతో డబ్ చేసి వేసినారు. ఊరూరా దళిత వాడల్లో దానికి ఫ్లెక్సీలు కట్టినారు. ఆపమని ఛానెల్ అధికారికి బెదిరింపులు వస్తే ఆపలేదు. మడకశిర, రాయదుర్గం వైపు మా వాళ్ళలో కన్నడ మాట్లాడేవాళ్ళు చాలామంది. అటు వైపు ఉన్న మా చిన్నమ్మ ఫోన్ చేసి, 'చిన్న భీమ్‌రావును నీళ్ళు తాగనీలేదప్పా, చూడలేకపోయినా' అనింది. ఆ సీరియల్లో కూడా మహనీయుడి మెరుపే ఎక్కువ, పక్కింటి మనుషుల బతుకు తక్కువ. నాకు దాని మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. కాని నీళ్ళ కాడ కులాన్ని కులం అని పిలిచింది. అందుకే మా చిన్నమ్మ కిటికీ బయట నిలబడిన మనిషిలా కాకుండా, తన ఇంటి విషయం మాట్లాడినట్టు మాట్లాడింది.

ఈ వ్యాసం రాస్తూ మధ్యలో ఊరికి పోయినప్పుడు వదినను అడిగినాను. 'వదినా, నీ మీద సీరియల్ రాస్తే యాడ మొదలుపెట్టాల?' అని. క్యారియర్ పిల్లోళ్ళ కాడ అంటుందనుకున్నాను. వదిన చేతిలో పని ఆపలేదు.

'ఆ పిల్లోళ్ళది ఏముండాదబ్బీ, ఆకలైతే వాళ్ళే తింటారు. ఒకడు మొన్న గుడ్డు మటుకు తీసుకున్యాడు. కట్టెల కాడ మొదలుపెట్టు. గ్యాసు అయిపోతే కట్టెలు నేనే తేవాల. ఆడనుంచి నీళ్ళు. పంపు రాకపోతే బిందె తీసుకుని పోవాల, ఆడ నన్ను తాకనీకుండా ముందర పట్టుకునేటోళ్ళు ఉంటారు. ఆమైన పొయ్యి. ఆమైన సామాన్ల బాకీ, అంగడోడు. జీతం మూడు వేలు అని చేసినారు గదా, అది ఎప్పుడు పడుతుందో చూసుకునేది. ఇంత అయినాక గదా వంట!'

'మరి వంటలక్కకు ఇవన్నీ లేవా వదినా?'

'ఆయమ్మకు మొగుడు రాలేదని ఏడుపు. నా మొగుడు ఇంట్లోనే ఉండాడు గదా' అని, లోపల పండుకున్న మా అన్న వైపు చూసి నవ్వింది.