చెవికి అందని లోపం

ఒంటిమిట్ట కోదండరామస్వామి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి, ప్రభుత్వ లాంఛనాలతో జరిగే శ్రీరామనవమి ఉత్సవాలకు ఈ గుడే వేదిక. అంత జనంలో చివరి వరసన కూచున్న అవ్వకు పెళ్ళికొడుకు కనపడడు. మాంగల్యధారణ అయిందని ఆమెకు తెలిసేది బాక్సులోంచి వచ్చే మంత్రంతోనే. దేవుని కడప బ్రహ్మోత్సవాలైనా, కడప పెద్ద దర్గా ఉరుసులో కవ్వాలీ అయినా, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం ఆరాధన అయినా ఇంతే. వానలు తక్కువైన మా సీమలో కూడికలన్నీ ఆరుబయటే. ఆ ఆరుబయటను చివరి వరస దాకా మాటతో నింపే పని మైక్‌సెట్ వాళ్ళది.

వాళ్ళ పనిని విద్య అని పిలవడానికి మనకు నోరు రాదు. షామియానా, కుర్చీలు, వంటపాత్రలతో పాటు మైక్‌సెట్ కూడా అద్దెకు వచ్చే సామానుగానే లెక్క. కానీ వేపచెట్టుకు హార్ను కట్టిన రోజుల నుంచి ఈ వృత్తిలో ఒక పద్ధతి చేతి నుంచి చేతికి వస్తోంది. శబ్దం ఎక్కడ పుట్టిందో అక్కడ నిలబడాలి. మైకు నుంచి జాక్, జాక్ నుంచి కేబుల్, అక్కడి నుంచి మిక్సరు, యాంప్లిఫైయరు, చివరికి బాక్సు. ఒక అతుకు తరవాత ఇంకో అతుకు, మధ్యలో దేన్నీ వదలకుండా చూసుకుంటూ పోవాలి. బుర్రుమంటే ఎర్త్ సరిగా లేదు. చిటపటమంటే జాక్‌లో టంకం వదిలింది. కూత పెడితే మైకు బాక్సుకు ఎదురుగా ఉంది. లోపం ఏదైనా దానికొక చప్పుడు ఉండేది. చప్పుడు విని, చూడకుండానే చోటు చెప్పగలిగినవాడే ఉస్తాదు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. సురభి నాటకం పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో, కీచకవధ ప్రదర్శనతో. కర్నూలులో టీజీవీ కళాక్షేత్రం ఇప్పటికీ పద్యనాటకానికి నీడనిస్తోంది. తిరునాళ్ళ రాత్రి సత్యహరిశ్చంద్ర కాటిసీను నడుస్తుంటే జనం పద్యాన్ని కళ్ళు మూసుకుని వింటారు. రాగం నచ్చితే 'ఒన్స్‌మోర్' అంటారు, నటుడు మళ్ళీ ఎత్తుకుంటాడు. ఆ ఆలాపన నడిమధ్యలో మాట తెగితే అది ఆ రాత్రికే తీరని వెలితి. డైలాగు పోతే ఎవరైనా సర్దుకుంటారు, రాగం పోతే సర్దుకోవడమంటూ ఉండదు. అందుకే పద్యనాటకానికి పనిచేసిన మైక్‌సెట్ మనిషి చెవి మీద నాకు గొప్ప నమ్మకం.

ఆ చెవి పనిచేయని చోటు ఒకటి గత పదేళ్ళలో వచ్చిపడింది. 2012లో మార్కెట్లోకి వచ్చిన బెరింగర్ ఎక్స్-32, దాని తరవాత బుల్లిపెట్టె ఎక్స్ఆర్-18, సౌండ్‌క్రాఫ్ట్ యూఐ-24ఆర్, యమహా మిక్సర్లు క్రమంగా చిన్న ఊళ్ళకూ చేరాయి. వీటిని ల్యాప్‌టాప్‌కో ట్యాబ్‌కో కలిపి నడపవచ్చు. కలిసినప్పుడు హాయే. కలవనప్పుడు బుర్రుమనదు, చిటపటమనదు, కూత పెట్టదు. తెర మీద మిక్సరు కనపడదు, అంతే. నలభై ఏళ్ళు చెవితో లోపాలు పట్టిన మనిషి అక్కడ చేతులు కట్టుకుని నిలబడిపోతాడు. కంప్యూటరు తెలిసిన పిల్లోడేమో అన్నీ ఒకేసారి ఆపి, అన్నీ ఒకేసారి వేసి, ఏది పనిచేసిందో తెలియకుండానే గండం గడుపుతాడు. నిజానికి పాతవాళ్ళ పద్ధతే ఇక్కడా కావాలి. మారేవి గుర్తులు మాత్రమే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, మిక్సరుకూ కంప్యూటరుకూ మధ్య ఏం నడుస్తోందన్నది. ఎక్స్-32 వెనక ఈథర్‌నెట్ రంధ్రం ఉంటుంది. అందులో ఆజ్ఞలు మాత్రమే పోతాయి, ఏ ఫేడరు పెంచాలి, ఏ చానలు మూయాలి అని. పాట అందులోంచి పోదు. పాట కంప్యూటరుకు చేరాలంటే యూఎస్‌బీ దారి వేరు. నెట్‌వర్క్ కేబుల్ పెట్టి రికార్డింగ్ రావడం లేదని గంటలు పోగొట్టుకునేవాళ్ళు ఈ తేడా తెలియకనే పోగొట్టుకుంటారు. పైగా అదే మిక్సరు వెనక ఏఈఎస్-50 అనే రంధ్రాలు రెండుంటాయి. అచ్చం నెట్‌వర్క్ రంధ్రాల లాగే ఉంటాయి, అదే పిన్ను దూరుతుంది. అవి స్టేజీ మీది పెట్టె నుంచి పాటను తెచ్చేవి, కంప్యూటరుతో వాటికి పనిలేదు. చీకట్లో తడుముకుని పెడితే తప్పు రంధ్రంలోకి పోవడం చాలా మామూలు.

"అన్నా, ల్యాప్‌టాప్‌లో మిక్సరు కనపడల్యా" అని కుర్రోడు అంటే, తెలిసిన పెద్దాయన అనే మొదటి మాట "ముందు లైటు ఎలుగుతాందా సూడబ్బీ". కేబుల్ రెండు కొసల దగ్గరా చిన్న దీపం ఉంటుంది. అది వెలగకపోతే సాఫ్ట్‌వేరు ముట్టుకోవడం దండగ. కేబుల్ మార్చాలి, పిన్నుకు ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిందేమో చూడాలి, రంధ్రం సరైనదో కాదో చూడాలి. వంద మీటర్లు దాటితే ఈ కేబుల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ట్రాక్టరు తొక్కిన కేబుల్ పైకి బాగానే కనపడుతుంది, అందుకే ప్రతి పనికీ ముందు దాన్ని టెస్టరు మీద పెట్టడం మంచిది.

దీపం వెలిగినా మిక్సరు కనపడలేదంటే, చాలాసార్లు తప్పు అడ్రసులో ఉంటుంది. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఒక అంకెల అడ్రసు ఉంటుంది. మొదటి మూడు అంకెలు వీధి పేరు, చివరిది ఇంటి నంబరు అనుకోండి. మిక్సరుకు 192.168.1.10 ఇచ్చారనుకుందాం. ల్యాప్‌టాప్‌కు 192.168.1.20 ఇచ్చి, రెండింటికీ వీధి ఎంతవరకో చెప్పే మాస్కు 255.255.255.0 పెడితే ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నట్టు. ల్యాప్‌టాప్‌ది 192.168.0.20 అయితే పక్క వీధి, మాట వినపడదు. రెండింటికీ 192.168.1.10 పెడితే ఇంకా కష్టం. ఒకసారి కలుస్తుంది, ఒకసారి తెగుతుంది, కారణం దొరకదు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే మన అడ్రసు ఏదో తెలుస్తుంది. అది 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే రౌటరు ల్యాప్‌టాప్‌కు దొరకలేదని, అదే సొంతంగా ఒకటి పెట్టుకుందని అర్థం. కేబుల్ నేరుగా మిక్సరుకే పెట్టినప్పుడు ఇలా అవుతుంది. అప్పుడు అడ్రసు మన చేత్తో రాయాలి. తరవాత మిక్సరు అడ్రసుకు పింగ్ కొట్టాలి. జవాబు వస్తే కేబుల్, అడ్రసు రెండూ బాగున్నట్టే. ఇక తప్పు సాఫ్ట్‌వేరు వైపు వెతకాలి. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా? సాఫ్ట్‌వేరు పాతదై మిక్సరులోది కొత్తదైందా? ఫోను హాట్‌స్పాట్‌కు కూడా ల్యాప్‌టాప్ కలిసి ఉండి, సాఫ్ట్‌వేరు మిక్సరును ఆ దారిలో వెతుకుతోందా? ఈ చివరిది చాలామందికి తట్టదు. పాటలు డౌన్‌లోడ్ చేసుకోవడానికి హాట్‌స్పాట్ వేసి మరచిపోతారు.

జవాబు రాకపోతే మళ్ళీ ఒక అతుకు వెనక్కి పోవాలి, రౌటరుకు పింగ్ కొట్టాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, కమిటీవాళ్ళు చుట్టూ మూగి "ఏమైందప్పా" అని తొందరపెట్టేటప్పుడు మనిషిని నిలబెట్టేది ఈ చాదస్తమే.

వైర్లెస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఎక్కువ ఇబ్బంది అక్కడే. సాయంత్రం ఖాళీ మైదానంలో ట్యాబ్ పట్టుకుని చివరి దాకా నడిచి చూస్తారు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రి తొమ్మిదికి జనం నిండాక తెగిపోతుంది. ఎక్స్ఆర్-18లో ఉన్న వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. మనిషి ఒళ్ళంతా నీరే, ఆ నీరు ఈ తరంగాన్ని తాగేస్తుంది. పైగా ప్రతి జేబులోనూ ఒక ఫోను, అన్నీ అదే గాలిలో పలుకుతుంటాయి. లోపలి వైఫైని నమ్ముకోకుండా విడిగా 5 గిగాహెర్ట్జ్ రౌటరు కొనుక్కోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. దాన్ని స్టేజీ కింద దాచకూడదు. జనం తలల కంటే ఎత్తున, మనం నిలబడే చోటికి కనపడేలా స్తంభానికి కట్టాలి. 2.4లోనే నడపక తప్పకపోతే 1, 6, 11 చానళ్ళలో రద్దీ తక్కువున్నది ఎంచుకోవాలి, అదీ జనం వచ్చాక చూసి. పాస్‌వర్డు సొంత మనుషులకు తప్ప చెప్పకూడదు. ఎక్స్ఆర్-18 పక్కనున్న చిన్న స్విచ్చుకు మూడు స్థానాలు, ఈథర్‌నెట్, వైఫై క్లయింట్, యాక్సెస్ పాయింట్ అని. రవాణాలో అది పక్కకు జరిగినా మిక్సరు మాయమైనట్టే ఉంటుంది.

ట్యాబ్ తెగిందని మిక్సరును ఆపి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. లింకు తెగినా పాట ఆగదు, మిక్సరు చివరిసారి పెట్టిన లెక్కలోనే నడుస్తూ ఉంటుంది. ఆపితే మాత్రం హరిశ్చంద్రుడి గొంతు నిజంగానే ఆగిపోతుంది. అయితే ఎక్స్ఆర్-18 లాంటి పెట్టెకు ఒంటి మీద ఫేడర్లు లేవు, ట్యాబ్ పోతే మన చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి కేబుల్‌తో కట్టిన ల్యాప్‌టాప్ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంచుకుని, ట్యాబ్‌ను తిరగడానికి మాత్రమే వాడుకోవాలి. పద్యనాటకానికైతే ఫేడర్లున్న మిక్సరే తీసుకుపొమ్మంటాను. పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఊపిరి తీసుకునే క్షణంలో వేలు ఫేడరు మీద ఉండాలి.

ఎండ, దుమ్ము సంగతి చెప్పకపోతే ఇది మన ఊరి మాట కాదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాలలో పగటి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రానికి కూడా బండపరుపు వేడి వదలదు. రౌటరును, ల్యాప్‌టాప్‌ను నేల మీద పెడితే వేడెక్కి మందగిస్తాయి, ఆ మందగింపును మనం నెట్‌వర్క్ తప్పనుకుంటాం. చెక్క బల్ల మీద, గాలి ఆడే చోట పెట్టాలి. జనరేటరుకు మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోయినా రౌటరు మళ్ళీ లేచేసరికి నిమిషం పైన పడుతుంది. చిన్న యూపీఎస్ రౌటరుకు, మిక్సరుకు తప్పనిసరి.

పెద్ద వేదికల మీద డాంటే అనే పద్ధతి ఉంటుంది. సిడ్నీలోని ఆడినేట్ కంపెనీ 2006లో తెచ్చింది. అక్కడ పాటే నెట్‌వర్క్ కేబుల్‌లో పోతుంది, వైఫైతో నడవదు, యంత్రాలన్నీ ఒకే గడియారాన్ని పాటించాలి. శాంప్లింగ్ రేటు 48 కిలోహెర్ట్జ్ ఒకదానికి, 44.1 ఇంకోదానికి పెడితే మాట కలవదు. స్విచ్చులో కరెంటు పొదుపు సదుపాయం ఉంటే ఆపేయాలి, లేకుంటే మధ్యమధ్య చిటుకులు వస్తాయి.

ఇంత తిప్పలు పడి మిక్సరును కంప్యూటరుకు కలపడం ఎందుకంటే, నా వరకు అసలు కారణం రికార్డింగు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి కేంద్రం లాంటి చోట మాత్రమే ఒకప్పుడు మన గొంతులు భద్రమయ్యేవి. ఇప్పుడు ఎక్స్-32కు యూఎస్‌బీ కార్డు ఉంటే 32 చానళ్ళు విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. హార్మోనియం వేరు, తబలా వేరు, చంద్రమతి గొంతు వేరు. యూఎస్‌బీ కేబుల్ ఐదు మీటర్లకు మించకూడదు కాబట్టి ఆ ల్యాప్‌టాప్ మిక్సరు పక్కనే ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మీద గంటకు పదహారున్నర జీబీ అవుతుంది, ఆరు గంటల నాటకానికి దాదాపు వంద. ముందే డిస్కు ఖాళీ చేసుకోవాలి. తెర లేచే ముందే ప్రతి ట్రాకుకూ నటుడి పేరు, పాత్ర పేరు రాసుకోవాలి, తెల్లారాక ఎవరి గొంతు ఏదో గుర్తుండదు. రెండు కాపీలు తీసి ఒకటి మైక్‌సెట్ వాళ్ళు ఉంచుకుని, రెండోది అదే రోజు నాటక సమాజం చేతికివ్వాలి.